రమణమూర్తికి అందిన సాయం

సబ్బవరం దగ్గర ఫారం నుంచి
12 మార్చి 2020

బావకి,

రమణమూర్తి నమస్కారం. ఫోన్ సేద్దామంటే నీకు ఇనబడదు. మిల్లులో ముప్పై ఏళ్ళు ఆ మోతలో నిలబడి సెవులు అక్కడే వొదిలీసినావు. సెవి మిషను ఫోన్ దగ్గర పెడితే ఈల ఏత్తాది, నువ్వు "ఆ, ఆ" అని పెట్టీత్తావు. మా అప్ప, అదే నీ ఇంటిది, బతికున్నప్పుడు నా మాట నీకు, నీ మాట నాకు తనే మోసీది. ఇప్పుడు ఆ దారి లేదు, అందుకే రాత్తన్నాను. మా ఊరి పాల వేను నాగవంశీ రోజూ ఉక్కునగరం వొత్తాడు గదా, ఆడి సేతికి ఇత్తన్నాను. జవాబు ఆడికే ఇయ్యి.

ఇషయం ఏటంటే, కోడి తింటే కరోనా వొత్తాదని ఎవడో ఫోన్లలో ఏసీసినాడు. ఆదివారం సబ్బవరంలో కోడిమాంసం కొట్ల కాడ ఈగలు తప్ప ఎవులూ లేరు. నా షెడ్డులో కోళ్ళు రెండు కేజీలు దాటిపోనాయి. ట్రేడరు ఫోన్ ఎత్తడు. ఎత్తిన రోజున, కేజీ పది రూపాయలైతే తోలుకెల్తానన్నాడు. దాణా ఖర్చులో సగం కూడా రాదు. మా పక్క ఫారం ఎల్లారావు లేడూ, అప్ప కర్మకి వంటలు సూసినోడు, ఆడు ఇచ్చీద్దామంటన్నాడు. నాకు సెయ్యాడ్డం లేదు. నువ్వేటంటావు?

మా పిల్ల దేవిశ్రీని కాలేజీలో "కరోనా కోడి" అని పిలుత్తన్నారట. ఇంటికొచ్చి సెప్పి నవ్వింది. నవ్విందే గానీ ఆ పూట అన్నం తినలేదు.

మా ఇంటిది వరాలు నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ బామ్మర్ది
రమణ


ఉక్కునగరం
16 మార్చి 2020

రమణా,

నీ ఉత్తరం అందింది. నాగవంశీ మాస్కు కట్టుకుని, ఉత్తరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఇచ్చాడు. భయం అలా ఉంది.

పది రూపాయలకి ఇచ్చెయ్యడమేమిటి, దానం చేసినట్టు? మా చిన్నప్పుడు గోదారికి వరద వస్తుందని పుకారు పుట్టగానే అందరూ కొబ్బరికాయలు తెగనమ్ముకునేవారు. ఆగినవాడు బాగుపడేవాడు. ఇదీ అంతే. ఉగాది వెళ్ళనీ, జనం నాలుక ఊరుకోదు. ఆగు.

మా క్యాంటీన్లో కోడికూర మానేశారు. నేను అడిగి మరీ గుడ్లు వేయించుకుని అందరి ఎదుటా తిన్నాను. పక్కన కూర్చున్నవాడు కంచం తీసుకుని లేచిపోయాడు. మనిషి ఎంత తేలిగ్గా లేచిపోతాడో చూడు.

దేవిశ్రీకి చెప్పు, పెద్దయ్యాక ఈ మాట తలుచుకుని నిజంగానే నవ్వుతుందని.

మీ బావ
తిరుమలరావు


ఫారం
9 ఏప్రిల్ 2020

బావా,

ఆగినాను. ఉగాది ఎల్లింది, లాక్‌డౌన్ వొచ్చింది. దాణా లారీని ఎక్కడో ఆపీసినారు. నాలుగు రోజులు నూకలు, తవుడు కలిపి పోసినాం. అయ్యీ అయిపోనాయి. ఆకలికి ఒకదాన్నొకటి పొడుసుకోడం మొదలెట్టినాయి. షెడ్డులోకి అడుగెడితే కాళ్ళ మీద కొచ్చి పడేవి.

ఊళ్ళో అందరికీ పట్టుకెల్లిపొమ్మన్నాను. పుణ్యానికిచ్చినా సగం మంది ముట్టలేదు. ఆకరికి జేసీబీ వోణ్ణి బతిమాలి ఎనక దిబ్బలో గొయ్యి తీయించినాను. ఎల్లారావు, నాను సంచుల్లో ఏసి మోసినాం. మిగతాది రాయలేను. వరాలు ఇంట్లో తలుపులేసుకుని టీవీ గట్టిగా పెట్టీసుకుంది. అయినా ఇనబడిందట.

నువ్వు ఆగమన్నావని ఆగినాను, నిజమే. అయినా నిన్ను అనడం లేదు బావా. ఆ పది రూపాయలూ వొచ్చుంటే జేసీబీ కిరాయైనా తీరును అని వరాలు అంది. అన్నమాట రాత్తన్నాను, అంతే.

రమణ


ఉక్కునగరం
18 మే 2020

రమణా,

ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలియక రాయలేదు. ఆగమన్నవాణ్ణి నేను.

పేపర్లో చూశాను. కరోనాకి దెబ్బతిన్న రైతులకి సర్కారు సాయం చేస్తుందట, ఖాతాల్లోనే వేస్తారట. నువ్వు రైతువి కాదా? వెంటనే వెళ్ళి దరఖాస్తు పెట్టు. ఒక్కటి గుర్తుంచుకో, ఖాతా నెంబరు వరాలుది ఇవ్వు. నీ ఖాతాలో పడితే షెడ్డు అప్పు కింద బ్యాంకువాళ్ళు లాగేసుకుంటారు.

ఈలోగా ఖర్చులకి నేను కొంత పంపుతాను. కాదనకు. ఈ క్వార్టర్లో ఒక్కణ్ణి, నాకేం ఖర్చు? మీ అప్ప పెంచిన కరివేపాకు చెట్టు ఉంది, పచ్చడి చేసుకు తింటున్నాను.

బావ


ఫారం
4 జూన్ 2020

బావకి,

దండం. డబ్బు పంపొద్దు. ఈ షెడ్డు రేకులు అప్ప సేతి గాజులు. అయ్యి తిరిగి సేయించి ఇచ్చీలోగానే తను ఎల్లిపోయింది. ఇంకా నీ దగ్గర సెయ్యి సాపితే నా మొహం నాను సూసుకోలేను. పంపితే వేను మీదే తిప్పి పంపుతాను.

ఆఫీసుకి ఎల్నాను. కుర్సీలో ఉన్న సారు "ఏం పంట?" అన్నాడు.

"కోళ్ళండి."

"కోళ్ళు పంట కాదు."

"మరేటండి?"

"వ్యాపారం."

"పొలంలోనే ఉందండి షెడ్డు. నాను రైతునేనండి."

"అయితే చచ్చిన కోళ్ళకి పశువుల డాక్టరు కాయితం తే. ఏ రోగంతో చచ్చాయి?"

"రోగం లేదండి. బతికున్నవే పాతీసినాను."

ఆయన రాయడం ఆపి నా మొహంలోకి సూసినాడు. "బతికున్నవి పాతావా?" అన్నాడు. ఎనకాల లైన్లో ఉన్నోళ్ళంతా సూసినారు. పాతినప్పుడు రాని సిగ్గు అప్పుడొచ్చింది బావా.

దరఖాస్తు మటుకు తీసుకున్నాడు. పైకి పంపుతాం, వొత్తే వొత్తాది, లేపోతే లేదన్నాడు. వరాలు ఖాతాయే ఇచ్చినాను. మా ఊళ్ళో పొలాలున్న గాజువాక పెద్దమనుషులకి అప్పుడే పడిపోనాయట. ఆళ్ళు నాగలి ముట్టి ఎన్నేళ్ళయ్యిందో.

రమణ


ఉక్కునగరం
11 జూన్ 2020

రమణా,

నువ్వు గట్టిగా అడిగి ఉండవు. తల వంచుకుని నిలబడి ఉంటావు, నాకు తెలుసు. అయినా దిగులు పడకు. దరఖాస్తు తీసుకున్నారంటే ఏదో ఒకటి వస్తుంది. కొంచెం ఆలస్యంగా వేస్తున్నారని ఇక్కడ కూడా అంటున్నారు. వరాలు ఖాతా చూసుకుంటూ ఉండండి.

డబ్బు సంగతి నీతో మళ్ళీ ఎత్తను. మీ అప్పకి కూడా ఈ రోషమే. జ్వరంతో ఉండి కూడా నన్ను మంచినీళ్ళు అడిగేది కాదు.

దేవిశ్రీ చదువు మాన్పించొద్దు. ఇది మాత్రం బావ మాట.

తిరుమలరావు


ఫారం
3 జులై 2020

బావా, బావా,

పడిపోనాయి! వరాలు ఫోనుకి మెసేజి వొచ్చింది. దేవిశ్రీ సదివి కెవ్వుమని అరిసింది. ఏ పామో కరిసిందని నాను కర్రట్టుకుని లగెత్తినాను. బ్యాంకు వాయిదాలు కట్టి, కిరాణా కొట్టు బాకీ తీర్సినా ఇంకా మిగులుతాది. నువ్వు సెప్పినట్టే అయ్యింది. నీ నోటి సలవ!

మొన్న మా ఊళ్ళో కొత్త ఆఫీసు తెరిసినారు. పెద్ద సారు వొచ్చి మైకులో "కరోనా సాయం ఎవరికైనా అందిందా?" అన్నాడు. ఒక్కడూ పలకలేదు. నాను సెయ్యెత్తినాను. మైకిచ్చినారు. "కోళ్ళ రైతునండి, నాకు అందిందండి, మీ మేలు మరవనండి" అని దండమెట్టినాను. ఫొటో తీసినారు. పేరు రాసుకుని సంతకం కూడా పెట్టించుకున్నారు. పంట కాదన్న ఆ సారే వొచ్చి నా బుజం తట్టినాడు.

ఇది మొదటి ఇడతే అయ్యుంటాది, ఇంకా వొత్తాయని అందరూ అంటన్నారు. ఆ ధైర్నంతో షెడ్డులో కొత్త కోడిపిల్లల్ని దించీత్తన్నాను. షెడ్డంతా సున్నం కొట్టినాం. ఎల్లారావు కూడా "నీకు పడితే నాకూ పడతాది" అని ఆవుల్ని అమ్మి పిల్లల్ని బుక్ సేసినాడు. ఆడి పెళ్ళాం అప్పాయమ్మ మా ఇంటికి బెల్లం, కొబ్బరి తెచ్చి నా సేతిలో పెట్టింది.

నువ్వోసారి రా. కోడిపిల్లలు పసుపు ముద్దల్లాగ ఉంటాయి, సూద్దువు గాని.

రమణ


ఉక్కునగరం
8 జులై 2020

రమణా,

సంతోషం. కానీ మైకులో ఎందుకు చెప్పావు? సంతకం ఎందుకు పెట్టావు? చేతికొచ్చింది గుట్టుగా ఉంచుకోవాలి గానీ.

రెండో విడత ఉంటుందని నీకెవరు చెప్పారు? ఉండదనే అనుకో. ఈ డబ్బు తిండికి, బాకీలకి, పిల్ల చదువుకి వాడమని నా ఉద్దేశం. కోడిపిల్లల్ని దింపొద్దు. ఎల్లారావుకి కూడా గట్టిగా చెప్పు, నిన్ను చూసి దిగొద్దని. ఎందుకంటావా, పెద్దవాణ్ణి చెప్తున్నాను, అంతే అనుకో.

రాద్దామని కూర్చున్నది వేరు, రాసింది ఇది. మళ్ళీ రాస్తాను.

బావ


ఫారం
19 జనవరి 2021

బావకి,

నీ జులై ఉత్తరానికి నాను జవాబియ్యలేదు. కోపమొచ్చింది. "డబ్బు ఏటి సెయ్యాలో నా ఉద్దేశం" అంటావేటి, అదేదో నువ్విచ్చినట్టు? ముందు ఆగమన్నావు, ఆగి మునిగినాను. తరవాత దించొద్దన్నావు, దించి శ్రావణం ఎల్లగానే మంచి రేటు సూసినాను. మా బావకి మన బాగు కంటగింపుగా ఉందేటి అని వరాలుతో కూడా అనీసినాను. ఆ తరవాత రెండు బ్యాచ్‌లు నీతో సెప్పకుండానే తీసినాను.

ఇప్పుడు సెప్పాలి. సంక్రాంతి పండగ గిరాకీ ఉంటాదని ఫైనాన్సులో అప్పు తెచ్చి, షెడ్డు పెంచి, ముందుకంటే రెండింతలు దించినాను. ఎల్లారావు ఇల్లు తాకట్టెట్టినాడు. పక్షుల జొరమని టీవీలో మొదలెట్టినారు. మన దిక్కున ఒక్క పిట్ట సావలేదు. అయినా మళ్ళా ఆ ఈగలే, ఆ కొట్లే. దాణా రేటు మటుకు పెరిగిపోతంది.

రెండో ఇడత ఏటయ్యిందో ఆఫీసులో అడుగుదామనుకుంటన్నాం, ఎల్లారావు, నాను.

నా మాటలు మనసులో పెట్టుకోకు.

రమణ


ఉక్కునగరం
16 ఫిబ్రవరి 2021

రమణా,

నీ మాటలు నాకేం తగల్లేదు. ఆఫీసుకి వెళ్ళొద్దు. రెండో విడత లేదు. అడగొద్దు, ఎల్లారావుని కూడా అడగనివ్వకు. ఎందుకో ఎదురుగా వచ్చి చెప్తాను, కాయితం మీద చెప్పలేను.

ఇక్కడ మా స్టీలు ప్లాంటు అమ్మేస్తారంటున్నారు. రోజూ డ్యూటీ దిగి గేటు దగ్గర దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాను. మైకులో ఏం చెప్తున్నారో నాకు వినబడదు. అందరూ చెయ్యెత్తినప్పుడు నేనూ ఎత్తుతున్నాను. పక్కవాళ్ళ మొహాలు చూస్తే తెలిసిపోతుంది, వాళ్ళకి కూడా నమ్మకం లేదని.

వచ్చే నెలలో వస్తాను.

బావ


ఫారం
22 సెప్టెంబరు 2021

బావా,

వొచ్చే నెల అన్నావు, రాలేదు. రెండో కరోనా వొచ్చింది, నువ్వు మంచాన పడ్డావని నాగవంశీ సెప్పినాడు. లేచి తిరుగుతన్నావని తెలిసి ఇప్పుడు రాత్తన్నాను.

ఎల్లారావు జూన్లో సెన్నై ఎల్లిపోనాడు. తాపీ పని అన్నాడు. ఫోన్ పని సెయ్యదు. ఫైనాన్సోళ్ళు ఆడి ఇంటికి తాళమేసినారు.

మొన్న కోళ్ళ రైతులకి కూడా సాయం అని నిజంగానే లిస్టు వొచ్చింది. నిజంగానే బావా. ఎల్లారావు పేరుంది. నా పేరు మీద గీత కొట్టీసుంది. ఎందుకండి అని ఆఫీసులో సారుని అడిగితే, "నీకు ముందే ముట్టింది కదా. మైకులో చెప్పావు, సంతకం పెట్టావు" అన్నాడు.

"అదెంతో, ఎప్పుడో కంప్యూటర్లో సూడండి, దీన్లో తగ్గించుకుని ఇవ్వండి" అన్నాను.

సూసినాడు. రెండుసార్లు సూసినాడు. "మేం నీకేం వెయ్యలేదయ్యా. నీ దరఖాస్తు అప్పుడే కొట్టేశారు" అన్నాడు.

"మరైతే ఇప్పుడియ్యండి."

"ముట్టిందని సంతకం ఉంటే ఎలా ఇస్తాం?"

వరాలు, నాను బ్యాంకుకి ఎల్నాం. ఆ డబ్బు ఉక్కునగరంలో ఎవరో నగదు కట్టినారని సెప్పినారు. "ఉక్కునగరంలో మనకి ఎవులున్నారు, మీ బావ తప్ప?" అంది వరాలు.

ఎల్లారావు డబ్బు కూడా అప్పాయమ్మకి ఇవ్వరట. ఆడే వొచ్చి వేలిముద్ర ఎయ్యాలట. ఆడెక్కడున్నాడో ఎవులికి తెలుసు? రోజూ మా అరుగు మీదికొచ్చి కూకుంటంది. తిట్టదు. తిడితే బాగుణ్ణు. నాను లంచమిచ్చి సాయం తెచ్చుకుని, దారి ఆళ్ళకి సెప్పకుండా దాసీసినానని ఊరంతా అంటన్నారు. మా బావ ఇచ్చినాడంటే ఎవులు నమ్ముతారు?

ఎందుకు సేసినావు?

రమణ


ఉక్కునగరం
27 సెప్టెంబరు 2021

రమణా,

నేనిస్తే నువ్వు తీసుకోవు కాబట్టి.

అది నా డబ్బు కూడా కాదు. మీ అప్ప పోయినప్పుడు వచ్చిన బీమా. దాన్ని తినబుద్ధి కాలేదు. తమ్ముడికి ఇస్తే ఆవిడకి నచ్చుతుందనుకున్నాను. వరాలు ఖాతా నెంబరు ఆవిడ పుస్తకంలో రాసి ఉంది, అందులో కట్టాను. నువ్వు ఖర్చుపెట్టాక మెల్లగా చెబుదామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, దేవిశ్రీ కెవ్వుమందని, నువ్వు కర్ర పట్టుకుని పరిగెత్తావని. ఇన్నేళ్ళలో నీ దగ్గర అంత సంతోషం చూడలేదు. దాన్ని చింపలేకపోయాను. తరవాత ప్రతి నెలా ఇంకొంచెం కష్టమైపోయింది.

ఎల్లారావు ఇల్లు పోయింది నా వల్లే.

వచ్చే సోమవారం వస్తాను. ఆ ఆఫీసులో నేనే చెప్తాను, కట్టింది నేనని. బ్యాంకు రసీదు ఉంది. వాళ్ళు వినాలి కదా. వింటారు.

బావ


అచ్యుతాపురం
5 డిసెంబరు 2021

బావకి,

నాగవంశీ వేను ఇటు రాదు. పోస్టులో ఏత్తన్నాను, ఎప్పటికి అందుతాదో.

ఫారం అమ్మీసినాం. లేఅవుట్ ఏసీవోళ్ళు కొన్నారు. బ్యాంకుకి, ఫైనాన్సుకి పోగా మిగిలిన దాన్లో అప్పాయమ్మకి కొంత ఇచ్చినాను. తీసుకుంది. కొంగున ముడేసుకుని ఎల్లిపోయింది. షెడ్డు రేకులు ఇప్పుతన్నప్పుడు నాను అక్కడుండలేదు.

ఇక్కడ ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ పని సేత్తన్నాను. టోపీ ఇచ్చినారు. వరాలు రొయ్యల కంపెనీలో తలలు ఒలిసీ పనికెల్తంది. రోజంతా ఐసులో సేతులు. సాయంత్రానికి సేతి ఏళ్ళు తెల్లగా ఉబ్బిపోయి, ముద్ద కలుపుకోలేదు. దేవిశ్రీ కూడా అందులోనే సేరింది. నువ్వు మాన్పించొద్దన్నావు. మాన్పించలేదు, అదే మానీసింది. ఫీజు కట్టమని కాలేజీ వోళ్ళు పిలిసిన రోజున వరాలుతో పాటే బస్సెక్కీసింది.

ఒకటి నీకు సెప్పాలి. ఆ సోమవారం నువ్వు ఇస్త్రీ సొక్కా ఏసుకుని, రసీదు జేబులో ఎట్టుకుని వొచ్చినావు. ఆఫీసులో సారు నిన్ను "ఈయన నీకేమవుతాడు?" అంటే నువ్వు "అరవై నిండుతాయండి" అన్నావు. "డబ్బు ఎందుకు వేశావు?" అంటే "తిరుమలరావండి, రోలింగ్ మిల్లు" అన్నావు. అందరూ నవ్వినారు. నువ్వూ ఆళ్ళని సూసి నవ్వినావు, పని అయిపోతందనుకుని. నీ సెయ్యట్టుకుని బయటికి తెచ్చీసినాను. మెట్ల మీద "ఏమన్నారు? ఇస్తామన్నారా?" అని అడిగినావు. నాను తలూపినాను. నీ మొహం ఎలిగిపోయింది. బస్సెక్కి కిటికీలోంచి సెయ్యూపినావు.

ఇత్తామన్లేదు బావా. నువ్వు అడిగీ ముందే, లిస్టు మూసేశాం, ఈ ముసలాయన్ని ఎందుకు తీసుకొచ్చావు అన్నారు. ఆ మాట నీకు ఇనబడలేదు. నాను సెప్పలేకపోనాను. నువ్వెందుకు సెప్పలేకపోనావో అప్పుడు తెలిసింది. తెలిసి ఏటి లాభం.

ఈ నెలాఖరుకి రిటైరైపోతావు, క్వార్టరు ఖాళీ సెయ్యమంటారు. మా దగ్గరికి రమ్మందామంటే ఒక్క గది, ముగ్గురం పడుకుంటే తలుపు తియ్యలేం. వొచ్చే ఆదివారం వొత్తానని కబురెట్టినావట. రాకు. నిన్ను కూకోబెట్టడానికి సోటు లేదు.

డబ్బు పంపొద్దు. మనసాగక పంపితే ఈసారి నీ పేరు సెప్పి పంపు.

రమణ